ఓడే అభ్యర్థి కావలెను

ఇంటర్వ్యూకి వెళ్ళడంలో పేరూరి దొరబాబుని మించినవాడు ఆ జిల్లాలో లేడు. ఉద్యోగం రావడమంటారా, అది వేరే విద్య. దానికి గురువు ఇంకా దొరకలేదని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఇంటర్వ్యూ అనగానే ముందురోజు క్షవరం చేయించుకునేవాడు. ఆ ఆఫీసుకి వెళ్ళి గుమ్మం ఎటుందో, తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో చూసి వచ్చేవాడు. నెట్టాల్సిన తలుపుని లాగి, హ్యాండిల్ చేతిలోకి వచ్చేస్తే దాంతో సహా లోపలికి వెళ్ళిన అనుభవం ఒకటి ఉంది మరి. లోపల కూర్చోమనేదాకా కూర్చునేవాడు కాదు. ఒకసారి ఎవరూ కూర్చోమనలేదు, ఇంటర్వ్యూ అంతా నిలబడే ఇచ్చాడు. ఇంటికొచ్చాక, ఫలితం ఎలా ఉన్నా, బోర్డువారికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాసేవాడు. తనని వద్దన్నందుకు ధన్యవాదాలు చెప్పుకున్న మనిషి ఆ ఆఫీసులకి ఇంకొకడు తగల్లేదు.

ఇన్ని చేసినా ఉద్యోగం ఎందుకు రాలేదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఏ ఉద్యోగానికైనా ఇంటర్వ్యూ కంటే ముందే మనిషి ఖాయమైపోయేవాడు. ఆ సంగతి దొరబాబుకీ తెలుసు. కానీ ఈసారి అలా ఉండదేమోనన్న పాడు ఆశ ఒకటి ప్రతిసారీ ఆయన చేత బూట్లకి పాలిష్ పెట్టించేది. భార్య మాణిక్యం ఏరియా ఆస్పత్రిలో నర్సు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు, ఆయనకి అదే ఎక్కువ బాధ. మీవారేం చేస్తారని ఎవరైనా అడిగితే ఆమె ఒక్క క్షణం ఆగి, "చూస్తున్నారండి" అనేది. ఆ క్షణం ఆగడం ఆయన చాలాసార్లు పక్కనే నిలబడి విన్నాడు. ఆమె ఆగకుండా జవాబు చెప్పే రోజొకటి రావాలన్నదే ఆయన జీవితాశయం.

ఆ పట్టణంలో కొబ్బరి పీచు సంక్షేమ మండలి అని ఒక ఆఫీసు ఉండేది. పీచుకి సంక్షేమం ఏమిటని అడక్కూడదు. ఆఫీసు ఉంది కాబట్టి సంక్షేమం జరుగుతున్నట్టే. అక్కడ ఉద్యోగాలన్నీ మండలి కార్యదర్శి త్రివిక్రమరావు గారి కనుసన్నల్లో భర్తీ అవుతూ ఉండేవి. జనానికి తెలివొచ్చి ఇంటర్వ్యూలకి రావడం మానేశారు. ఎవరికి ఉద్యోగం ఖాయమైందో వాడొక్కడే వచ్చి, కాఫీ తాగి, ఆర్డరు పట్టుకెళ్ళేవాడు. ఇలా సాఫీగా సాగుతుండగా ఆడిట్‌వారు వచ్చి ఒక ప్రశ్న వేశారు. వచ్చింది ఒక్కడే అయినప్పుడు ఎవరెవరిలోంచి ఎంపిక చేశారు?

ప్రధాన కార్యాలయం ఉలిక్కిపడింది. ఇక మీదట ప్రతి ఇంటర్వ్యూకీ ముగ్గురికి తక్కువ కాకుండా అభ్యర్థులు హాజరు కావాలని, లేని పక్షంలో నియామకం చెల్లదని సర్క్యులర్ పంపింది. ఎంపిక పద్ధతి మార్చమని మాత్రం అనలేదు. జనాన్ని పెంచమంది, అంతే.

పెంచే పని సూపరింటెండెంట్ జగ్గారావు నెత్తిన పడింది. ఆయన పేపర్లో ప్రకటన వేయించాడు, ఎవరూ రాలేదు. ఆటోకి మైకు కట్టించి చెప్పించాడు, జనం నవ్వుకున్నారు. దిక్కు తోచక కూర్చున్నవాడికి హఠాత్తుగా ధన్యవాదాల ఉత్తరాల దొరబాబు గుర్తొచ్చాడు. వెంటనే స్కూటరు తీసి ఆయన ఇంటికి వెళ్ళాడు.

"దొరబాబు గారూ, తమరు మా ఇంటర్వ్యూకి తప్పకుండా దయచెయ్యాలండి. తమరు రాకపోతే పని జరగదండి" అన్నాడు జగ్గారావు.

అంత మాట దొరబాబు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ వారమంతా పీచు గురించి తెలుసుకోవడంలో మునిగిపోయాడు. పీచు మిల్లుకి వెళ్ళి కొబ్బరికాయ డొక్కలు నానబెట్టిన గుంటలు చూశాడు. తాడు పేనే ఆడవాళ్ళ పక్కన కూర్చుని తనూ ఒక మూర పేని, అరచేతులు రెండూ ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చాడు. మాణిక్యం మందు రాసింది.

ఇంటర్వ్యూకి ముగ్గురు వచ్చారు. ఉద్యోగం ఖాయమైన కాంట్రాక్టరు గారి అల్లుడు ఒకడు, దొరబాబు ఒకడు. మూడోవాడు ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపు నడిపే రాంబాబు. ఆఫీసు కాగితాలు తన షాపుకే పంపిస్తామంటే షాపు కట్టేసి వచ్చాడు, ఏమడిగినా "తెలీదండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. డొక్క ఎన్నాళ్ళు నానాలని అడిగితే కాంట్రాక్టరు గారి అల్లుడు, నానబెడితే పాడైపోదా అని బోర్డునే ఎదురడిగాడు. దొరబాబు మాత్రం ఉప్పునీళ్ళలో అయితే ఎలా, మంచినీళ్ళలో అయితే ఎలా అని మొదలుపెట్టి, బోర్డువారు ఆవలించేదాకా వదిలిపెట్టలేదు.

ఆ సాయంత్రం కార్యదర్శి గారు ఆయన్ని తన గదిలోకి పిలిపించారు.

"తమరి ప్రతిభ పట్ల ఈ కార్యాలయానికి ఎనలేని గౌరవం ఉంది" అన్నారు త్రివిక్రమరావు గారు. "అయితే సదరు ప్రతిభ కారణంగా ఎంపిక ప్రక్రియకు అవాంఛనీయమైన అంతరాయం కలిగింది. మినిట్సు రాయడం కష్టమైపోయింది. ఇకపై తమరు పోటీకి సహకరించే దృక్పథంతో హాజరు కావలసిందిగా కోరడమైనది."

దొరబాబుకి సంగతి బోధపడటానికి కొంచెం సేపు పట్టింది. ఓడిపోవడానికి తనని పిలిచారు. ఇకముందు కూడా పిలుస్తారు. పిలిచినప్పుడల్లా భత్యం ఇస్తారు, టీ ఇస్తారు. బాగా ఓడితే ఏదో ఒకనాడు పర్మనెంటు చేసే విషయం సానుభూతితో పరిశీలిస్తారు. మానం ఉన్నవాడు అక్కడే కుర్చీ వెనక్కి నెట్టి లేచి వచ్చేసేవాడే. దొరబాబు మాత్రం గుర్తింపు కార్డు ఇస్తారా అని అడిగాడు.

ఇచ్చారు. దాని మీద తాత్కాలిక పోటీ అభ్యర్థి అని ఉంది. మాణిక్యం డ్యూటీకి వెళ్ళబోతూ ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఏం పని ఉంటుందని అడిగింది. ఓడిపోవడమని చెప్పాడు.

"పోన్లెండి, అలవాటున్న పనే" అందామె. ఎగతాళికి కాదు. ధైర్యం చెప్పడానికే అంది.

ఏ పనీ చేతకాదనుకున్న దొరబాబుకి ఈ పని భేషుగ్గా పట్టుబడింది. మొదట్లో రాంబాబులాగే అన్నిటికీ తెలీదనేవాడు. కానీ ఆడిట్‌వారు మళ్ళీ వచ్చారు. ఓడినవాళ్ళకి ఎప్పుడూ సున్నాలే వస్తున్నాయేమిటి, ఇది పోటీలా లేదన్నారు. దాంతో ఇంకో సర్క్యులర్ దిగింది. ఓడే అభ్యర్థికి గెలిచే అభ్యర్థి మార్కుల్లో సగానికి పైన రావాలి, కానీ వాటిని దాటకూడదు. అక్కణ్ణుంచి ఈ వృత్తి కళగా మారింది. గెలిచేవాడు ఎంత అజ్ఞానో ముందుగా అంచనా కట్టాలి. అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ అజ్ఞానంతో జవాబు చెప్పాలి. మరీ ఎక్కువైతే సున్నా వస్తుంది, తక్కువైతే ఉద్యోగం వస్తుంది.

కొందరు అభ్యర్థుల దగ్గర ఈ పని మహా కష్టమయ్యేది. గోడౌను కీపరు పోస్టుకి ఖాయమైన కుర్రవాణ్ణి కొబ్బరిచెట్టులో పీచు ఎక్కడుంటుందని అడిగితే, మట్టలో అన్నాడు. తలుపు సందులోంచి విన్న దొరబాబుకి చెమటలు పట్టాయి. మట్ట కంటే అన్యాయమైన జవాబు చెప్పాలి, అందులో సగానికి పైగా న్యాయం కూడా ఉండాలి. తన వంతు వచ్చాక కాసేపు కప్పుకేసి చూసి, కాయ దగ్గరలోనే ఎక్కడో ఉంటుంది గాని సరిగ్గా చోటు గుర్తు రావడం లేదండి అన్నాడు. బోర్డువారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. త్రివిక్రమరావు గారు కళ్ళద్దాలు తీసి, ఇదీ ఉద్యోగధర్మం అంటే, అని తక్కిన సభ్యులతో అన్నారు.

ఆ పేరు ఆఫీసు దాటిపోయింది. సర్క్యులర్ అన్ని శాఖలకీ వచ్చింది కాబట్టి, ఓడేవాడి కరువు అన్నిచోట్లా ఉంది. పక్క శాఖలవాళ్ళు దొరబాబుని డెప్యుటేషన్ మీద పంపమని అర్జీలు పెట్టుకునేవారు. ఆయన ఉదయం పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు కాకుండా పోయి, మధ్యాహ్నం చెరకు పరిశోధన కేంద్రంలో గుమస్తా కాకుండా పోయి, సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. దారిలో ఎదురైనవాళ్ళు ఇవాళేం పోగొట్టారని గౌరవంగా అడిగేవారు. ఆయన ఉత్సాహంగా చెప్పేవాడు. అలా చెబుతున్నప్పుడు తనని చూస్తే తనకే నవ్వొచ్చేది. నవ్వయ్యాక కాస్త దిగులేసేది.

ఆ దిగులెందుకో చేపల శాఖలో తేలింది. అక్కడి గుమస్తా ఉద్యోగానికి ఖాయమైనవాడికి బ్యాంకులో వచ్చింది. వాడు రాలేదు. మూడో సంఖ్య కోసం అప్పటికప్పుడు తెచ్చిన వంటవాడు, రాంబాబు, దొరబాబు మిగిలారు. ఆ రోజే భర్తీ చెయ్యకపోతే పోస్టు వెనక్కి పోతుంది. బోర్డువారికి ఎవరి సిఫార్సూ లేని ఇంటర్వ్యూ చేసిన అనుభవం లేదు. అందుకని ఎందుకైనా మంచిదని తేలికైన ప్రశ్నతో మొదలుపెట్టారు. వంటవాడు లోపలికి వెళ్ళి, మధ్యాహ్నానికి ఎన్ని ప్లేట్లు పెట్టాలో కనుక్కుని వచ్చేశాడు. తర్వాత దొరబాబు. మీ పేరేమిటని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే చాలు, ఉద్యోగం వచ్చేస్తుందని ఆయనకి తెలుసు. తెలిసే నోరు తెరిచాడు. కానీ చాలాకాలంగా చేస్తున్న పని ఆయన్ని అంత తేలిగ్గా వదల్లేదు. అలవాటు కొద్దీ కళ్ళు కప్పుకేసి పోయాయి, చెయ్యి నుదుటి మీదకి వెళ్ళింది. "ఒక్క నిమిషం ఆలోచించుకుని చెబుతానండి" అన్న మాట దానంతటదే బయటికొచ్చింది. నిమిషం గడిచేలోగా రాంబాబుని పిలిచారు. పేరు అడగ్గానే తడుముకోకుండా రాంబాబు అన్నాడు. ఇప్పుడతను చేపల శాఖలో గుమస్తా, జిరాక్సు షాపు బావమరిది చూసుకుంటున్నాడు.

ఈ సంగతి దొరబాబు మాణిక్యానికి చెప్పలేదు. ఆమెకి ఆస్పత్రిలో రాంబాబు భార్య చెప్పింది. ఆ రాత్రి ఆమె అన్నం వడ్డిస్తూ, పోనీ పేరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోకపోయారా అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత ఆయనకి అన్నం సయించలేదు.

అప్పటికి ఆయనకి ప్రభుత్వోద్యోగం వయసు దాటిపోవడానికి ఆట్టే వ్యవధి లేదు. సరిగ్గా ఆ సమయంలో ప్రధాన కార్యాలయం నుంచి వరంలాంటి ఉత్తర్వు వచ్చింది. పోటీ అభ్యర్థుల సేవలు నియామక వ్యవస్థకి వెన్నెముకగా నిలిచినందువల్ల, మండలిలో శాశ్వత పోటీ అభ్యర్థి అనే పోస్టు మంజూరు చేశారు. స్కేలు, పెన్షను, రెండేళ్ళకోసారి కుటుంబంతో విహారయాత్ర. మంజూరైన పోస్టు ఒక్కటే, అది దొరబాబు కోసం పుట్టిన పోస్టని ఆఫీసంతా అంది. జగ్గారావు ముందుగానే మిఠాయి అడిగాడు. మాణిక్యం ఆస్పత్రిలో తోటి నర్సులందరికీ పూతరేకులు పంచింది. ఆవిడ అంత తొందరపడటం ఆయన ఎప్పుడూ చూడలేదు.

నిబంధన ప్రకారం ఆ పోస్టుకి కూడా ఇంటర్వ్యూ జరగాలి. దానికి కూడా ముగ్గురు రావాలి.

ఇంటర్వ్యూ దగ్గర పడేకొద్దీ దొరబాబుని ఒక సందేహం తినేసింది. జవాబులు బాగా చెబితే, వీడికి ఓడటం రాదని పక్కన పెడతారు. చెడగొడితే, ఓడినవాడికి ఉద్యోగం ఎలా ఇస్తామంటారు. జగ్గారావుని అడిగితే తల గోక్కుని, నాకూ ఎటూ పాలుపోవడం లేదండి అన్నాడు. కార్యదర్శి గారిని అడిగితే, అభ్యర్థి తన సహజ ధోరణిలో ప్రవర్తించవలెనని సెలవిచ్చారు. తన సహజ ధోరణి ఏమిటో దొరబాబుకి గుర్తు రాలేదు. రెండు రోజులు దాని కోసం వెతుక్కుని ఊరుకున్నాడు.

ఆ రోజు బెంచీ మీద ఆయన పక్కన ఇద్దరు కూర్చున్నారు. ఒకడు జగ్గారావు బావమరిది. మిఠాయి అడిగిన జగ్గారావు ఆ పూట దొరబాబుకేసి చూడకుండా ఫైళ్ళు సర్దుతూ ఉండిపోయాడు. రెండోవాడు నున్నగా తల దువ్వుకున్న కుర్రవాడు, పేరు శశిధర్, త్రివిక్రమరావు గారి తోడల్లుడి కొడుకు. బళ్ళో మొదటి ర్యాంకు, కాలేజీలో బంగారు పతకం, టెన్నిసులో కప్పు. పుట్టిన దగ్గర్నుంచి దేనిలోనూ ఓడిన దాఖలా లేదు. పెన్షనున్న ఉద్యోగమని ఇంట్లోవాళ్ళు పంపారు. అతని సర్టిఫికెట్ల సంచీ చూసి దొరబాబుకి ధైర్యం వచ్చింది. ఇంత గెలుపు పట్టినవాడికి ఈ ఉద్యోగం ఎవరిస్తారనుకున్నాడు.

లోపల కూర్చోమన్నారు. కూర్చున్నాడు. ఈ ఉద్యోగం మీకెందుకని త్రివిక్రమరావు గారు అడిగారు. దొరబాబుకి అలవాటుగా కళ్ళు కప్పుకేసి పోబోయాయి, బలవంతాన కిందికి దించుకున్నాడు. నేర్చుకున్న జవాబులేవీ నోటికి రాలేదు.

"మీవారేం చేస్తారని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఒక్క క్షణం ఆగుద్దండి" అన్నాడు. "ఏం చెప్పాలో తెలీక ఆగుద్దండి. ఇంక ఆవిడ ఆగక్కర్లేకుండా చేద్దామనండి. ఇంకేం లేదండి. నాకీ ఉద్యోగం కావాలండి."

ఒక సభ్యుడు ముక్కు తుడుచుకున్నాడు. త్రివిక్రమరావు గారు కూడా నోట్సు రాయడం ఆపారు. ఇంకేమీ అడగకుండా వెళ్ళమన్నారు. దొరబాబు బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఇంటర్వ్యూ బాగా చేశానని ఆయనకి తెలుస్తూనే ఉంది.

సాయంత్రం శశిధర్‌ని ఎంపిక చేసినట్టు బోర్డు మీద అంటించారు. కారణాలు కూడా రాశారు, ఆడిట్‌వారు ఈమధ్య కారణాలు అడుగుతున్నారు. శశిధర్‌కి ఓటమిలో ఎటువంటి దురలవాట్లూ లేనందున కొత్తగా తీర్చిదిద్దడానికి అనుకూలమైన అభ్యర్థి. దొరబాబు గెలవాలన్న కోరికను బాహాటంగా వ్యక్తపరిచారు, ఇది పోస్టు స్వభావానికి పూర్తిగా విరుద్ధం.

త్రివిక్రమరావు గారు గది బయటికి వచ్చి మరీ దొరబాబు రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "నా యావత్తు సర్వీసులో ఇంత సహజమైన ఓటమి చూడలేదు" అన్నారు. "తమరు లేకపోతే ఈ ఎంపికకు ఇంతటి నిండుదనం వచ్చి ఉండేది కాదు. కార్యాలయం తమరికి సర్వదా రుణపడి ఉంటుంది. ఆ గుర్తింపు కార్డు మాత్రం సెక్షన్లో అప్పగించి వెళ్ళండి."

దొరబాబు కార్డు అప్పగించి, నడుచుకుంటూ ఇల్లు చేరాడు. మాణిక్యం ఆయన మొహం చూసి, లేచి పొయ్యి వెలిగించింది. వేణ్ణీళ్ళు తోడింది. పూతరేకులు పంచానే అని మాత్రం ఒకసారి తనలో తను అనుకుంది, ఆయనకి వినపడింది. ఆ రాత్రంతా ఆయన కుర్చీలోనే కూర్చుని ఉండిపోయాడు. తన మీద తను వేసుకునే జోకు ఒక్కటి కూడా తోచలేదు.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. శశిధర్ ఆపిల్ పళ్ళ సంచీతో లోపలికొచ్చి, దొరబాబు కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సోమవారం తన మొదటి డ్యూటీ అని, చెరకు కేంద్రానికి వెళ్ళాలని చెప్పాడు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదన్నాడు. పుస్తకాలు తిరగేశానని, గెలవడం ఎలాగో ఎన్నిట్లోనో ఉంది గాని ఓడటం ఎలాగో ఎక్కడా లేదని వాపోయాడు. ఏ ప్రశ్న అడిగినా జవాబు నోట్లోంచి తన్నుకొచ్చేస్తోందట. ఎక్కడ గెలిచేసి ఉద్యోగం పోగొట్టుకుంటానోనని భయంగా ఉందట.

మాణిక్యం కాఫీ తెచ్చి ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. దొరబాబుకి ఆ కుర్రవాడి మీద కోపం తెచ్చుకోవాలనిపించింది, రాలేదు. వాడు కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. తనూ మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళబోతూ ఇలాగే ఒలకబోసుకున్నాడు.

"మిమ్మల్ని మించినవాళ్ళు లేరని మా పెదనాన్న గారు చెప్పారండి" అన్నాడు శశిధర్. "ఆ రోజు నా ఎంపికప్పుడైతే అద్భుతంగా ఓడారటండి. ఆ కిటుకేంటో నాకూ చెప్పండి."

దొరబాబు కాఫీ ఆఖరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"కిటుకేం లేదు బాబూ" అన్నాడు. "లోపలికెళ్ళి, ఆ ఉద్యోగం నిజంగా కావాలని కోరుకో. మిగతాది బోర్డువారే చూసుకుంటారు."